2005 ఈ220 సీడీఐ: ఇంట్లో ఏది చేసుకోవచ్చు, దేని జోలికి పోకూడదు

బ్రదర్, మీరు రాసింది మొత్తం చదివాను. మీది విజయవాడ, కారు 2005 మెర్సిడెస్ ఈ220 సీడీఐ (డబ్ల్యూ211 బాడీ, అంటే ఆ తరం ఈ-క్లాస్‌కి కంపెనీ పెట్టిన కోడ్), లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది, చవగ్గా వస్తోందని తీసుకున్నారు. తీసుకున్న కొద్ది రోజులకే పొద్దున్నపూట డ్యాష్‌బోర్డు మీద బ్రేకు మెసేజ్ వచ్చి పోతోంది, ఒకసారి గేర్ రెండులో ఇరుక్కుపోయింది, స్పీడ్ బ్రేకర్ల మీద ముందువైపు కటకటమంటోంది, ఏసీ వేస్తే లోపలికి పొగ వాసన వస్తోంది. వర్క్‌షాపు వాళ్లు రెండు లక్షల ఎనభై వేల ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఇందులో ఇంట్లో ఎంతవరకు చేసుకోవచ్చు, లేకపోతే వచ్చినకాడికి అమ్మేయాలా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే అమ్మకండి. మీరు చెప్పిన నాలుగూ ఈ బాడీకి బాగా తెలిసిన జబ్బులే. నాలుగింటిలో మూడు చాలావరకు మీ చేతుల్లోనే ఉన్నాయి. మిగిలిన ఒక్కటి, అంటే బ్రేకు, మీ చేతుల్లో లేదు. అదెందుకో కింద చెప్తాను, ఆ భాగం మాత్రం దయచేసి దాటేయకండి.

ఈ కార్లలో ఇంజిన్ చెడిపోయి షెడ్డులో పడేవి తక్కువ. ఆ 2148 సీసీ డీజిల్ ఇంజిన్‌కి టైమింగ్ చెయిన్ ఉంటుంది, ఆయిల్ వేళకి మారుస్తూ ఉంటే మీ బండిలాంటివి మూడు లక్షలు దాటినా నడుస్తాయి. ఇరవై ఏళ్ల బండిలో పోయేవి రబ్బరు, ఓ-రింగులు (లీకు ఆపే గుండ్రటి రబ్బరు రింగులు), బ్యాటరీ వోల్టేజి, ఇంకా ఎవరో పోసిన పనికిమాలిన నీళ్లు, ఆయిళ్లు. ఎస్టిమేట్ కాగితంలో కంప్యూటర్లు, సెన్సర్లు, మాడ్యూళ్లు అని రాసి ఉంటాయి కానీ వాటిలో సగం దాకా ఈ చిన్న వస్తువుల వల్ల వచ్చే గొడవలే. అందుకే నేను ఏ పాత జర్మన్ కారు చూసినా వరస ఒక్కటే పెట్టుకుంటాను, ముందు కరెంటు, తర్వాత ద్రవాలు, తర్వాత రబ్బరు, ఆ తర్వాతే స్కానర్ (బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే మెషీన్). మనవాళ్లు దీన్ని తలకిందులు చేసి, ముందు స్కానర్ పెట్టి అది చెప్పిన పార్టులన్నీ మార్చేస్తారు. డబ్బు పోయేది అక్కడే.

కరెంటు సంగతి. ఈ మోడల్‌లో రెండు బ్యాటరీలు ఉంటాయి, అది చాలామందికి తెలియదు. పెద్దది డిక్కీ అడుగున, చిన్నది బానెట్ కింద. చిన్న బ్యాటరీ బ్రేకు సిస్టమ్‌కి ఆసరాగా పెట్టింది. అది నీరసపడితే బండి మామూలుగానే స్టార్ట్ అవుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, మెసేజ్‌లు మాత్రం వచ్చి పోతుంటాయి. ఒక మామూలు మల్టీమీటర్ కొనండి. రాత్రంతా బండి లాక్ చేసి వదిలేసి, పొద్దున్నే రెండు బ్యాటరీలూ కొలవండి. అయితే డోర్ తీయగానే బండి నిద్రలేచి కరెంటు తాగడం మొదలెడుతుంది, కాబట్టి బానెట్, డిక్కీ ముందురోజు రాత్రే తెరిచిపెట్టి, వాటి లాచ్‌లు స్క్రూడ్రైవర్‌తో మూసినట్టు నొక్కి, అప్పుడు లాక్ చేయండి. పొద్దున చూడాలంటే లాచ్ విడిపించకుండానే మీటర్ పెట్టచ్చు. (తర్వాత స్క్రూడ్రైవర్‌తో నొక్కిన లాచ్‌ని విడిపించకుండా బానెట్ మూస్తే లాచ్ వంగుతుంది, జాగ్రత్త.) 12.6 వోల్టులు ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం ఖాళీ, 12 కంటే తక్కువ చూపిస్తే ఛార్జ్ చేసి మళ్లీ చూడాలి, మళ్లీ అంతే అయితే దానికి కాలం చెల్లింది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 14 వోల్టుల అటూ ఇటూ రావాలి. పెద్ద బ్యాటరీ మార్చాల్సి వస్తే దానికి గాలి బయటికి పోయే సన్న గొట్టం తగిలించడం మరచిపోవద్దు, అది క్యాబిన్‌తో కలిసిన చోట ఉండే బ్యాటరీ. ఏజీఎం రకమే (యాసిడ్‌ని గాజు నారలో పట్టి ఉంచే బ్యాటరీ) వేయండి. షాపువాడు మామూలుది చవగ్గా ఇస్తానంటాడు, వద్దు.

కరెంటుతోపాటే ఇంకోటి. వైపర్ల కింద నల్ల ప్లాస్టిక్ మూత ఉంటుంది చూడండి, దాని కింద నీళ్లు పోయే కాలవలు ఉంటాయి. చెట్టు కింద పార్క్ చేసే అలవాటు ఉంటే వేపాకులు, పూత అంతా అక్కడ పేరుకుని, ఎండి, వానాకాలానికి ముద్దయి కూర్చుంటుంది. కాలవ మూసుకుపోతే నీళ్లు క్యాబిన్‌లోకో ఫ్యూజ్ బాక్సు వైపో దారి చూసుకుంటాయి. కాళ్ల దగ్గర కార్పెట్ చేత్తో గట్టిగా నొక్కి చూడండి. పైకి పొడిగా ఉన్నా కింద ఉన్న మందపాటి స్పాంజి తడిని నెలల తరబడి దాచుకుంటుంది, వైరింగ్ జాయింట్లు పోయేది ఆ అడుగునే. జూన్ రాకముందు ఆ మూత తీసి చేత్తో ఆకులు ఎత్తేయడం అనే పని ఖర్చు లేనిది, కానీ దీనివల్ల తప్పే నష్టం మీ ఎస్టిమేట్ కంటే పెద్దది.

ఇప్పుడు బ్రేకు. మీది 2006కి ముందు మోడల్ కాబట్టి సెన్సోట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ బ్రేకు ఉంటుంది, అందరూ ఎస్‌బీసీ అంటారు. మామూలు కారులో మీ కాలి ఒత్తిడే నూనె ద్వారా చక్రం దాకా వెళ్తుంది. ఇందులో పెడల్ ఒక సంకేతం పంపుతుంది, పంపు, ఒత్తిడి నిల్వచేసే గుండు కలిసి బ్రేకు వేస్తాయి. సిస్టమ్ పడుకుంటే ముందు చక్రాలకు మాత్రం కాలి బలంతో బ్రేకు పడుతుంది, పెడల్ బాగా లోతుకు పోతుంది, బండి ఆగుతుంది కానీ మీ గుండె కూడా ఆగినంత పనవుతుంది. 2004లో 6,80,000 కార్లను, 2005లో దీనితోపాటు ఇతర కరెంటు లోపాలకి కూడా దాదాపు 13 లక్షల కార్లను కంపెనీ వెనక్కి పిలిచింది, 2006 ఫేస్‌లిఫ్ట్‌లో ఈ-క్లాస్ నుంచి ఎస్‌బీసీనే తీసేసింది. ఆ పంపు ఎన్నిసార్లు బ్రేకు వేశారో లెక్కపెట్టుకుంటుంది, లెక్క నిండితే పంపు పనిచేస్తున్నా సరే హెచ్చరిక ఇస్తుంది. మీకు ఏ కారణంతో వస్తోందో ముందు బ్యాటరీలు తేల్చుకున్నాకే తెలుస్తుంది. మీరన్నట్టు పొద్దున్నపూట మాత్రమే వస్తోందంటే నా అనుమానం ముందు చిన్న బ్యాటరీ మీదకే పోతుంది.

ఇక ఇంట్లో బ్రేకు ప్యాడ్లు మార్చేద్దాం అనుకుంటే ఒక్క నిమిషం ఆగండి. డోర్ అన్‌లాక్ చేసినప్పుడు బానెట్ కింద నుంచి చిన్నగా గుర్ర్‌మని శబ్దం వస్తుంది కదా, అది పంపు ఒత్తిడి నింపుకుంటున్న శబ్దం. మీరు చక్రం విప్పి, క్యాలిపర్‌లో (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగంలో) వేళ్లు పెట్టి ఉండగా ఇంట్లోంచి పిల్లాడు రిమోట్ నొక్కాడనుకోండి, లేదా ఎవరో డోర్ తీశారనుకోండి, సిస్టమ్ లేచి పిస్టన్‌లని బయటికి నెడుతుంది. చాలా ఎక్కువ ఒత్తిడి అది, వేలు మధ్యలో ఉంటే చితికిపోతుంది. వర్క్‌షాపులో స్టార్ డయాగ్నసిస్ అనే మెర్సిడెస్ స్కానర్‌తో ముందు ఎస్‌బీసీని నిద్రపుచ్చి అప్పుడే చేయి పెడతారు. పంపు ప్లగ్ పీకేసి చేసేవాళ్లూ ఉన్నారు, వీడియోలూ ఉన్నాయి, నేను మాత్రం మీకు ఆ సలహా ఇవ్వను. ప్యాడ్లు, బ్రేకు ఆయిల్, పంపు, ఈ మూడూ ఆ మెషీన్ ఉన్నవాడి దగ్గరే చేయించండి. బ్రేకు ఆయిల్ రెండేళ్లకోసారి మార్చించాలి, బండి తిరిగినా తిరగకపోయినా. చేసేముందు ‘ఎస్‌బీసీ ఎలా ఆఫ్ చేస్తావు బాబూ’ అని అడగండి. వాడు తెల్లమొహం వేస్తే బండి వెనక్కి తిప్పుకుని వచ్చేయండి.

గేర్ రెండులో ఇరుక్కుపోవడం గురించి. మీ దానిలో ఉన్నది 722.6 అనే ఐదు గేర్ల ఆటోమేటిక్, చాలా గట్టి పెట్టె. ఏదైనా సంకేతం తేడాగా కనిపిస్తే తనను తాను కాపాడుకోవడానికి రెండో గేర్‌లో ఆగిపోతుంది. బండి పక్కకి ఆపి, ఆఫ్ చేసి, కొద్దిసేపాగి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలైపోయింది అన్నారు, అంటే లోపలి పళ్లు, ప్లేట్లు పోలేదు. దీనికి వర్క్‌షాపులు ‘గేర్ బాక్స్ ఓవర్‌హాల్’ అని రాస్తాయి. ఒప్పుకోకండి.

ముందు చూడాల్సింది ఒక చిన్న ప్లాస్టిక్ ప్లగ్. గేర్ బాక్స్ కుడి పక్కన పల్చటి రేకు కవచం వెనక ఉంటుంది, వైరింగ్ గేర్ బాక్స్‌లోకి వెళ్లేది దాని గుండానే, పదమూడు పిన్నులు. దానికి రెండు ఓ-రింగులు. ఏళ్ల తరబడి వేడికి అవి గట్టిపడి గేర్ ఆయిల్ బయటికి వస్తుంది. బయటికి కారితే కనిపించేది, కానీ ఈ ఆయిల్ మహా గడుసుది, వైర్ల లోపలి రాగి పోగుల వెంట మెల్లగా పైకి పాకి గేర్ బాక్స్ కంప్యూటర్ దాకా వెళ్తుంది. ఆ కంప్యూటర్ ప్లగ్ పీకి చూస్తే పిన్నుల మీద ఎర్రటి జిడ్డు కనిపిస్తుంది. కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, ఆరబెట్టి, కింద కొత్త ప్లగ్ వేస్తే చాలాసార్లు అక్కడితో కథ అయిపోతుంది. బయటి కనెక్టర్ రింగు తిప్పి లాగాలి, 7 మిల్లీమీటర్ల బోల్టు ఒకటి విప్పాలి, ప్లగ్ బయటికి వస్తుంది, అంతే. ప్లగ్ ఖరీదు మీ ఎస్టిమేట్‌లో ఆఖరి సున్నాలంత కూడా ఉండదు. అప్పటికీ తగ్గకపోతే లోపల కండక్టర్ ప్లేట్ అనే పలక ఉంటుంది, దాని మీదున్న స్పీడ్ సెన్సర్లు పోతాయి. అది ఆయిల్ పాన్ దించితే అందే పనే, ఆయిల్ మార్చేటప్పుడే చేసుకోవచ్చు.

ఆయిల్ అన్నాను కదా. మొదట్లో ఈ గేర్ బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని కంపెనీయే చెప్పింది, తర్వాత మాట మార్చి 60,000 కిలోమీటర్లకు మార్చమంది. మీ బండి లక్షా నలభై వేలు ఆ పాత ఆయిల్‌తోనే తిరిగి ఉండొచ్చు. 236.14 అని మెర్సిడెస్ ఆమోదం డబ్బా మీద రాసి ఉన్న ఆయిల్ మాత్రమే పోయండి. ‘అన్ని ఆటోమేటిక్‌లకీ ఇదే’ అని షాపులో ఇచ్చేది వద్దు. ఇంత కారు కొని ఇక్కడ వెయ్యి రూపాయలు మిగుల్చుకోవడం అంటే ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్టే. పాన్ దించితే సగానికి అటూ ఇటూ ఆయిల్ వస్తుంది, మిగతాది టార్క్ కన్వర్టర్‌లో (ఇంజిన్‌ని గేర్ బాక్స్‌తో కలిపే, ఆయిల్ నిండిన భాగంలో) ఉండిపోతుంది, అందుకని కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఒకసారి మార్చండి. పాన్ బోల్టుల బిగింపు 8 న్యూటన్ మీటర్లే, బలం చూపించకండి. లెవెల్ చూడటానికి బండితో డిప్‌స్టిక్ రాదు, విడిగా కొనాలి. ఆయిల్ 80 డిగ్రీలు వేడెక్కాక, ఇంజిన్ నడుస్తుండగా, సమతలం మీద చూడాలి. చల్లగా ఉన్నప్పుడు చూసి నింపేస్తే ఎక్కువైపోతుంది, ఎక్కువైనా తక్కువంత ప్రమాదమే.

ఇంకో మాట. ఈ బాడీ తొలి మోడళ్లలో కొన్ని రేడియేటర్లకి లోపల అడ్డుగోడ చిల్లుపడి కూలెంట్ గేర్ ఆయిల్‌లో కలిసే జబ్బు ఉంది. అరవై ఎనభై కిలోమీటర్ల వేగం మధ్య మెల్లగా యాక్సిలరేటర్ నొక్కినప్పుడు బండి గతుకుల రోడ్డు మీద పోతున్నట్టు వణికితే అనుమానించండి. రేడియేటర్ పాతదే అని తెలిస్తే, వణుకు రాకముందే మార్చేయడం తెలివైన ఖర్చు.

కూలెంట్ సంగతికొస్తే మన దగ్గర పెద్ద విలన్ బోరు నీళ్లు. తగ్గిందనగానే బాటిల్‌తో పోసేస్తారు. బిందె అడుగున పేరుకునే ఆ తెల్ల గార మీ ఇంజిన్ లోపల, రేడియేటర్ సన్న గొట్టాల్లో పేరుకుంటుంది. మూత తీసి చూడండి, నీలం, ఆకుపచ్చ కాకుండా తుప్పు రంగు కనిపిస్తే మొత్తం దించి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, మెర్సిడెస్ 325.0 ఆమోదం ఉన్న కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయండి. ఇంజిన్ చల్లారాకే మూత తీయాలని మీకు చెప్పక్కర్లేదనుకుంటా. ఇంజిన్ ఆయిల్ తేలికైన పని, ఆరున్నర లీటర్లు, ఫిల్టర్ పైనే ఉంటుంది. ముందు ఫిల్టర్ మూత వదులు చేస్తే అందులోని ఆయిల్ కిందకి దిగుతుంది, ఆయిల్ చూసే గొట్టంలోంచే పంపుతో లాగేయొచ్చు, బండి కిందకి దూరక్కర్లేదు. మీ దానికి డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లేకపోతే 229.3 లేదా 229.5 ఆమోదమున్న 5డబ్ల్యూ-40 సరిపోతుంది.

పొగ వాసన అన్నారు చూడండి, అది నాకు చాలా ఇష్టమైన జబ్బు, ఎందుకంటే కంటికి కనిపిస్తుంది. ఇంజిన్ పైన ప్లాస్టిక్ కవర్ పైకి లాగేయండి. నాలుగు ఇంజెక్టర్లలో ఒకదాని చుట్టూ నల్లటి తారులాంటిది పేరుకుని ఉంటే దొరికిపోయినట్టే. ఇంజెక్టర్ అడుగున ఒక రాగి వాషర్ ఉంటుంది, అది పట్టు వదిలితే మండిన గ్యాస్ పక్కనుంచి బయటికి తోసుకొస్తుంది, చఫ్ చఫ్‌మని లయగా శబ్దం వస్తుంది, అదే మీ ఏసీ లాక్కుని క్యాబిన్‌లోకి ఇస్తోంది. ఎన్నాళ్లు వదిలేస్తే ఆ తారు అంత గట్టిపడి ఇంజెక్టర్‌ని పట్టేస్తుంది, ఇంకొన్నాళ్లు వదిలేస్తే అది కూర్చునే సీటునే తినేస్తుంది. కాబట్టి దీన్ని ముందు పెట్టుకోండి.

ఓపిక ఉంటే ఇంట్లోనే చేయొచ్చు. ఇంజెక్టర్‌కి డీజిల్ వచ్చే లైనులో 1600 బార్ దాకా ఒత్తిడి ఉంటుంది, అందుకని ఇంజిన్ నడుస్తుండగా పైపు వదులు చేయడం అన్న ఆలోచనే వద్దు. పాత అంబాసిడర్ డీజిల్ మెకానిక్‌లకి ఆ అలవాటు ఉంటుంది, పక్కన నిలబడి సలహా ఇస్తే వినకండి. ఇంజెక్టర్‌ని నొక్కిపట్టే సన్న బోల్టు సాగే రకం, ఒక్కసారే పనికొస్తుంది, కొత్తది తెచ్చుకున్నాకే పాతది విప్పండి. గోరువెచ్చటి ఇంజిన్ మీద, ముందురోజు చొచ్చుకుపోయే ఆయిల్ చల్లి పెట్టి, మెల్లగా ముందుకీ వెనక్కీ తిప్పుతూ విప్పాలి. ఆ బోల్టు హెడ్‌లో విరిగిందంటే పని ఇంటిది కాకుండా పోతుంది. ఏ ఇంజెక్టర్ ఏ సిలిండర్‌దో మార్కర్‌తో రాసుకోండి, ఒక్కోదానికి ఒక్కో కోడ్ ఉంటుంది, తారుమారైతే ఐడిల్ గతి తప్పుతుంది. సీటు బ్రష్‌తో శుభ్రం చేసేటప్పుడు కింద రంధ్రంలో గుడ్డ కుక్కి, తర్వాత వ్యాక్యూమ్‌తో పీల్చండి, మసి సిలిండర్‌లో పడకూడదు. కొత్త వాషర్, కొత్త బోల్టు, కంపెనీ చెప్పిన టార్క్ (బిగింపు బలం), ఆ పైన కంపెనీ చెప్పినన్ని డిగ్రీలు తిప్పడం.

గ్లో ప్లగ్ (చలిలో స్టార్ట్ అవ్వడానికి డీజిల్ ఇంజిన్‌ని లోపల వేడిచేసేది) లైటు కూడా కాసేపు వెలుగుతోందని చివర్లో రాశారు. వదిలేయండి. విజయవాడ ఎండలకి ఆ ఇంజిన్‌కి గ్లో ప్లగ్ సాయం దాదాపు అక్కర్లేదు, అవి తీయబోతే విరగడం మామూలు, విరిగితే హెడ్ దించేదాకా పోవచ్చు.

కటకట శబ్దం రబ్బరుది. ముందు ఒక్కో చక్రానికి కింద రెండు ఆర్ములు ఉంటాయి, వాటిలో ఒకదాని బుష్ (ఆర్మ్ చివర ఉండే రబ్బరు కీలు) లోపల ద్రవం నింపి ఉంటుంది. చిరిగితే నల్లటి జిడ్డు కారి దుమ్ము అంటుకుని ఉంటుంది, బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ వణుకుతుంది. ఆర్ములు మొత్తం మార్చినా సరే, బుష్‌లు మాత్రమే ఆటోనగర్‌లో ప్రెస్ పెట్టించినా సరే, ఒక్క సంగతి మాత్రం పట్టుబట్టి చేయించండి. బుష్ బోల్టులు చివరి బిగింపు బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డాకే వేయాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, బండి కిందకి దించగానే రబ్బరు మెలిపడి, ఎప్పుడూ ఆ మెలికలోనే ఉండి, కొన్ని నెలల్లోనే చిరుగుతుంది. ‘కొత్తవి వేయించినా మళ్లీ శబ్దం, అంతా డూప్లికేట్ మాల్’ అనేవాళ్లలో చాలామంది కథ ఇదే. స్ప్రింగు విప్పే పని మాత్రం ఇంట్లో వద్దు. చక్రం బోల్టులు 130 న్యూటన్ మీటర్లు. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందకి దూరకండి, స్టాండ్లు పెట్టి, బండిని చేత్తో ఊపి చూసి అప్పుడు.

పార్టుల విషయానికొస్తే ఛాసిస్ నంబర్‌తో పార్ట్ నంబర్ తీయించి ఆ నంబర్ మీదే బేరం చేయండి, ‘ఈ-క్లాస్ బుష్ ఇవ్వు’ అంటే ఏదో ఒకటి ఇస్తారు. లెమ్‌ఫోర్డర్, మాన్, హెంగ్స్ట్, సాక్స్, బాష్ లాంటి పార్టుల కంపెనీల పెట్టెల్లో వచ్చేది షోరూం పెట్టె కంటే చాలా తక్కువకి వస్తుంది. ఓ-రింగులు లాంటి చిల్లరకి మాత్రం షోరూంకే వెళ్లండి. మీ బండి 2005ది కాబట్టి ఆర్సీ పదిహేనేళ్లు నిండాక ఐదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది, ఆ తేదీ ఎప్పుడో పెద్ద ఖర్చులు పెట్టకముందే చూసుకోండి.

కాబట్టి ఈ ఆదివారం వైపర్ల కింద ఆకులు, రెండు బ్యాటరీల రీడింగులు, ఇంజిన్ కవర్ కింద చూపు. వచ్చేవారం గేర్ బాక్స్ ప్లగ్. పాన్ దించినప్పుడు అడుగున అయస్కాంతం ఉంటుంది, దాని మీద బూడిదరంగు మెత్తటి ముద్ద ఉంటే కంగారు పడకండి, అది మామూలే. వేలికి గుచ్చుకునే తునకలు కనిపిస్తే మాత్రం ఇంకేం చేయకుండా ఫోటో తీసి పెట్టండి, వోల్టేజి అంకెలు కూడా రాయండి, చూసి చెప్తాను.